సుగుణ నిర్మల్ ఘాటు దించింది

నిర్మల్ కొండల మీద డేరా వేసుకుని శని, ఆదివారాలు గడిపి వచ్చామంటే మా బోధన్‌లో సగం మంది నమ్మడం లేదు. నమ్మిన సగం మంది "ఇల్లుండంగ డేరాల పండుకునుడేంది సారూ?" అని నవ్వుతున్నారు. వాళ్లను అని లాభం లేదు. మాది బల్లపరుపు నేల. ఎటు చూసినా చెరకు, దాని వెనక ఇంకా చెరకు, ఆ వెనక చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం. ఎత్తు మీదికి ఎక్కి చూడాలంటే మాకున్నది కాలువ గట్టే. కొండగాలి ఎలా ఉంటుందో తెలియని మా వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మేం నలుగురం వెళ్లాం. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. నాతో నా భార్య సుగుణ, మా అమ్మ, సుగుణ వాళ్ల అన్న రాజన్న బావ. బావది రెంజల్ దగ్గర పల్లె. చెరకు, వరి పండిస్తాడు. దసరా వెళ్లిపోయింది, ఫ్యాక్టరీలో చెరకు ఆడటం ఇంకా మొదలుకాలేదు. చెరకు రైతుకు ఊపిరి సలిపే రోజులు ఏడాది మొత్తంలో అవే. ఒకనాడు బావ మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని "సార్ బావా, రెండొద్దులు గుట్టల మీద ఉండొద్దమా? నవాబులు ఉన్నట్టు ఉందాం" అన్నాడు.

నవాబులన్న మాట ఊరికే అనలేదు. నిజామాబాద్‌లో పెళ్లి పందిళ్లు వేసే ఒకాయన దగ్గర పాతకాలపు వేట డేరా ఉందట. ఎవరో జాగీర్దారు ఒకప్పుడు పులివేటకు పోతూ వాడుకున్నది. ఆ దుకాణం లారీ ఏదో సభకు సామాను తీసుకుని ఆదిలాబాద్ పోతోంది. పోతూ పోతూ నిర్మల్ కొండదారి ఎక్కాక, ఘాటు మీద డేరా వేసి, సోమవారం తిరిగొస్తూ విప్పుకుపోతారు. బావ అడవి ఆఫీసులో అనుమతి కూడా తెచ్చేశాడు. ఇక కాదనడానికి నాకేం మిగల్లేదు.

గోదావరి దాటడం

బావ జీపు మిలటరీ వాళ్లు అమ్మేసిన పాత బండి. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. గేరు కర్ర మొండిది, ఎద్దును పొలంలోకి తోసినట్టు తోయాలి. ముందర బావ, ఆయన పక్కన నేను. వెనక అమ్మ, సుగుణ, వాళ్ల కాళ్ల దగ్గర సద్దిమూటలు.

నిజామాబాద్ దాటి ఆర్మూర్ వైపు వెళ్తుంటే చెరకు తగ్గి పసుపు చేలు మొదలయ్యాయి. పసుపు ఆకు మీద మంచు ఆరక ముందు చూడాలి. అరటితోటకు చెల్లెలిలా ఉంటుంది. గట్ల వెంట తంగేడు ఇంకా పూసే ఉంది. బతుకమ్మకు ఆడవాళ్లు కోసినంత కోసినా అది తరగలేదు. అమ్మ జీపు ఆపించి నాలుగు కొమ్మలు తెంపుకుంది. పువ్వు కనబడితే తెంపడం ఆమెకు అలవాటు.

పోచంపాడు దగ్గర ఆనకట్ట పని జరుగుతోంది. దుమ్ములో వందల మంది కూలీలు, తట్టలు, లారీలు. బావ జీపు దిగి కాసేపు ఊరికే నిలబడ్డాడు. "గీ నీళ్లు ఇంక సముద్రానికి ఉత్తగ పోవు" అన్నాడు, తనే కడుతున్నంత ధీమాగా. ఆ తర్వాత సోన్ వంతెన. వానల నీరు ఇంకా నిండుగానే ఉంది. అమ్మ గోదారిలో పైసా బిళ్ల వేసి దండం పెట్టింది. సుగుణ మాత్రం నీళ్లను చూడలేదు. వెనక సీట్లోంచి ముందుకు వంగి, వంతెన మీద ఎదురుగా వచ్చే లారీకి బావ దారి ఎలా ఇస్తున్నాడో చూస్తోంది.

"ఏం సూస్తున్నవే?" అని అమ్మ అడిగితే, "ఏం లేదత్తమ్మ, అన్న గేరు జర ముందుగాల మార్వాలె" అంది.

పెళ్లయిన కొత్తలో "నాకు జీపు తోలొస్తది" అని సుగుణ ఒకసారి నాతో అంది. పుట్టింటి మురిపాల్లో అదొకటనుకున్నాను.

నిర్మల్‌లో ఒక జామపండు

నిర్మల్‌లో టీకి ఆగాం. టీలో అల్లం దండిగా వేస్తారు. మన దగ్గరకంటే చిన్న గ్లాసు, ధర మాత్రం అంతే. హోటల్లో సగం మాటలు ఉర్దూ, పావు మరాఠీ, మిగతాది మన తెలుగు. ఒకే మనిషి మూడు భాషల్లో మూడు టీలు చెప్పడం అక్కడ విన్నాను.

కొయ్యబొమ్మలు చేసే వీధిలోకి అమ్మను తీసుకెళ్లాం. ఒక ముసలాయన గుమ్మం ముందు కూర్చుని పళ్లకు రంగులు వేస్తున్నాడు. అమ్మ బుట్టలోంచి ఒక జామపండు తీసి, పండిందో లేదో అని బొటనవేలితో నొక్కింది. నొక్కుడు పడలేదు. ముసలాయన తలెత్తి "పండనీకి ఇంక టైం పడ్తదవ్వా" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. అమ్మకు మొదట కోపం వచ్చింది, తర్వాత ఆమే అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ జామపండునే కొనుక్కుంది.

ఘాటు మీద దివాణం

నిర్మల్ దాటాక రోడ్డు మెల్లగా పైకి లేస్తుంది. కాసేపటికి మలుపుల మీద మలుపులు. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క టేకు చెట్ల తలలు. చెట్టు తలను పైనుంచి చూడటం నాకు అదే మొదలు. కాలువ గట్టు మీద పెరిగిన మనిషికి అదొక వింత. చెవులు గుయ్యిమన్నాయి. అమ్మ కళ్లు మూసుకుని దేవుళ్లను వరసపెట్టి పిలిచింది.

పైకెక్కాక పెద్దరోడ్డు వదిలి, బండ్లబాటలో రెండు మైళ్లు లోపలికి వెళ్తే వాగు ఒడ్డున చదును నేల. అక్కడ నిలబడి ఉంది మా డేరా.

బయట తెలుపు, లోపల పసుప్పచ్చ గుడ్డ, దాని మీద అచ్చు వేసిన ఎర్రపూలు. నేల మీద జంఖానా. నవారు మంచాలు నాలుగు, వాటికి దోమతెరలు. మధ్య కనాతు తెర దించితే ఆడవాళ్లకొక గది, మగవాళ్లకొక గది. మొహం కడుక్కోవడానికి ఇత్తడి గంగాళం, దానికొక కర్ర పీట. గుమ్మం బయట నాలుగు బెత్తం కుర్చీలు, వేలాడగట్టిన పెట్రోమాక్స్ దీపం. అమ్మ చెప్పులు బయట విడిచి లోపలికెళ్లి, మంచం పట్టీ వేలితో మీటి చూసింది.

"గిది డేరానారా, దొరల గడీనా? నా పెండ్లికి గుడ గింత సింగారం లేకుండె" అంది.

కాసేపటికి తండా నుంచి ఒకావిడ సీతాఫలాల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. పేరు సోనీబాయి. చేతుల నిండా తెల్లటి గాజులు, పరికిణీ నిండా అద్దాలు. మన అంగట్లో సీతాఫలాలు లెక్కపెట్టి అమ్ముతారు. ఇక్కడ లెక్క లేదు, తట్ట రూపాయి. అమ్మ ముప్పావలాకు అడిగింది. సోనీబాయి ధర తగ్గించలేదు. పక్కనున్న చెట్టు దగ్గరికి పోయి ఇంకో నాలుగు కోసుకొచ్చి తట్టలో వేసింది. "గిప్పుడు ముప్పావలాకే ఇచ్చినట్టయింది, రూపాయియ్యి" అంది. అమ్మకు ఆమె బాగా నచ్చింది. ఇద్దరూ సాయంత్రం దాకా కూర్చుని కోడళ్ల గురించి మాట్లాడుకున్నారు. సుగుణ చాయ్ ఇస్తే సోనీబాయి తాగలేదు. "ముందుగాల నా రొట్టె తినుండ్రి. మా దిక్కు సుట్టం వస్తే గంతే" అని కొంగులోంచి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తీసింది. మన దగ్గర ముందు నీళ్లిస్తాం, ఇక్కడ ముందు రొట్టె పెడతారు.

రాత్రి బావ మూడు రాళ్ల పొయ్యి మీద కోడికూర వండాడు. చలి అంటే ఏమిటో ఆ కొండ మీద తెలిసింది. అక్టోబరులోనే గొంగళి కావాల్సివచ్చింది. డేరా గుడ్డ మీద మంచు పడితే అది తడిసి బిగుసుకుని, తట్టితే డప్పులా మోగింది. చెరకు రసం కాగే వాసన లేని గాలి పీల్చి ఎన్నేళ్లయిందో అనుకుంటూ నిద్రపోయాను.

ఆదివారం పొద్దున

తెల్లారేసరికి సన్నటి తుంపర. బావ వాగు అవతల బండల మీద మంచి సీతాఫలాలున్నాయని వెళ్లాడు. వద్దని సుగుణ రెండుసార్లు చెప్పింది. ఒడి నిండా పళ్లు వేసుకుని తిరిగొస్తూ పాచి పట్టిన బండ మీద కాలు జారాడు. పళ్లు వదిలేసి ఉంటే చెయ్యి ఆన్చుకునేవాడు. వదల్లేదు. మొత్తం బరువు కుడిచేతి మీద పడింది.

మేం పరుగెత్తి వెళ్లేసరికి లేచి కూర్చున్నాడు, నవ్వబోతున్నాడు. మణికట్టుకు పైన చెయ్యి వంకర తిరిగి ఉంది. సోనీబాయి పాలు తెచ్చి అక్కడే ఉంది. అమ్మ నా టవలు చింపింది. డేరా తాళ్లు కట్టే గూటాల్లోంచి సన్నది ఒకటి తెచ్చి చేతికి ఆనించి కట్టాం. కడుతున్నప్పుడు బావ పళ్లు కొరికాడు. ఆ తర్వాత సుగుణ అతని వేళ్లు పట్టుకుని చూసింది.

"అన్నా, వేళ్లు సల్లగున్నయి. నేను ఒత్తుతుంటె ఎరుకైతుందా?"

బావ కాసేపు ఆలోచించి "లేదు" అన్నాడు.

వేళ్ల చివర్లు తెల్లబడుతున్నాయి. దెబ్బ పెద్దదని అప్పుడర్థమైంది. కుడిచెయ్యి పోతే రైతుకు మిగిలేదేముంది? నేను పెద్దరోడ్డు దాకా పరుగెత్తి బస్సో లారీయో ఆపుతానన్నాను.

"బస్సు పొద్దుగాలనే పోయింది సారూ" అంది సోనీబాయి. "మల్ల మాపటికే. ఐతారం లారీలు గుడ తక్కువ."

నేనింకా చెప్పులు వెతుక్కుంటున్నాను. జీపు స్టార్టయిన చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే సుగుణ. కొంగు నడుముకు దోపుకుని, ఎడమవైపు సీట్లో కూర్చుని, ఒక చేత్తో అద్దం మీది మంచు తుడుస్తోంది.

అమ్మ బండి ముందుకెళ్లి నిలబడింది. "దిగు పిల్లా. గది చెరకు చేను గాదు. మనందరం లోయల పడ్తం. నడుసుకుంట పోదాం."

"అత్తమ్మ, నేను ఆడుకునుటానికి నేర్వలే. చెరకు కోతలప్పుడు డ్రైవరు రాకపోతే, నేనే మా అన్నను పక్కకు కూసోబెట్టుకొని బోధన్ ఫ్యాక్టరీ కాటా దాంక ట్రాలీ గుంజుకొచ్చిన. రెండు పంటలు." సుగుణ గొంతు పెంచలేదు. "అన్న చెయ్యి సల్లబడ్తుంది. మీరెక్కుతరా, సోనీబాయి కాడ కూసుంటరా?"

అమ్మ నా మొహం చూసింది. నేను బావ మొహం చూశాను. బావ ఎడమచేత్తో జీపు పట్టుకుని పక్క సీటెక్కుతూ "నా కంటె మంచిగ తోల్తది అత్తా. ఎన్నడు చెప్పలే, సిగ్గయి" అన్నాడు.

అమ్మ గొణుక్కుంటూ వెనకెక్కింది. సోమవారం దాకా డేరాకు కాపలా మాదేనని సోనీబాయి చెప్పింది. బండ్లబాటలో బురద ఉన్నచోట మా ముందు నడిచి, గట్టి నేల ఎటుందో చేత్తో చూపించి వెళ్లిపోయింది.

దిగుడు

ఎక్కేటప్పుడు అందంగా కనిపించిన మలుపులు దిగేటప్పుడు వేరేగా కనబడ్డాయి. స్టీరింగు ఎడమవైపు, లోయ కూడా ఎడమవైపే. అంటే సుగుణ మోచేతి కిందనే టేకు చెట్ల తలలు. రోడ్డు తడిసి నల్లగా మెరుస్తోంది. అమ్మ నా భుజం పట్టుకుంది. ఆ వేళ్ల గుర్తులు రెండు రోజులున్నాయి.

సుగుణ రెండో గేరులో వేసి, బ్రేకు మీద ఊరికే కాలు పెట్టకుండా బండిని దాని బరువు మీదనే దించసాగింది. ఇంజను గుర్రుమంటూ మమ్మల్ని వెనక్కి పట్టి ఉంచుతోంది. మొదటి రెండు మలుపుల దాకా బావ "మెల్లగ, మెల్లగ... గిప్పుడు తిప్పు... హారన్ కొట్టు" అని చెప్తూనే ఉన్నాడు.

మూడో మలుపు దగ్గర సుగుణ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది: "అన్నా, జర సేపు మాట్లాడకు."

బావ నోరు మూశాడు. నొప్పిలో కూడా అతని పెదవి మీద నవ్వు కనబడింది.

సగం దిగాక, బాగా ఇరుకైన మలుపులో ఎదురుగా లారీ. నిండా సిమెంటు బస్తాలు. ఎక్కే బండికి దారివ్వడం ఘాటులో పద్ధతి. అంటే మేం వెనక్కి పోవాలి. ఎగువకు, తడి రోడ్డు మీద, మలుపులో. సుగుణ బండి ఆపి హ్యాండ్ బ్రేకు లాగింది. "గిటు సూడుండ్రి" అని నన్ను పిలిచింది. "ఒక రాయి పట్టుకొని దిగుండ్రి. బండి ఆగినప్పుడల్ల ముందలి టైరు కింద పెట్టుండ్రి. నా చెయ్యి సూసి తియ్యుండ్రి."

పిల్లలకు ఛందస్సు చెప్పే నేను ఆ పూట రాయి మోసే పని చేశాను. ఇంత ముఖ్యమైన పని నాకు ఇంతకుముందెవరూ ఒప్పజెప్పలేదు. జీపు జానెడు జానెడు వెనక్కి ఎక్కింది. ఒకసారి టైరు జారింది, రాయి ఆపింది. ఇంకోసారి ఇంజను ఆగిపోయింది. సుగుణ కళ్లు మూసి తెరిచి మళ్లీ స్టార్టు చేసింది. నాలుగోసారికి మలుపు వెడల్పులోకి చేరి గోడవారగా ఆగింది.

లారీ మెల్లగా పక్కకొచ్చి ఆగింది. డ్రైవరు తెల్లగడ్డం ఆయన. ముందు బావ కట్టు చూశాడు, తర్వాత సుగుణను చూశాడు.

"అరే బేటీ, గీ మలుపుల రివర్సు కొట్టనీకి నా క్లీనరు మూడేండ్ల సంది నేరుస్తుండు. ఎవరు నేర్పిన్రు నీకు?"

సుగుణ హ్యాండ్ బ్రేకు ఇంకోసారి లాగి చూసుకుంది. జవాబు వెనక సీటు నుంచి వచ్చింది.

"మా కోడలు" అంది అమ్మ.

ఆయన అడిగింది ఒకటి, ఆమె చెప్పింది ఒకటి. అయినా సరిపోయింది. ఆయన చెయ్యి నుదుటికి ఆనించి సలాం చేసి, గేరు వేసి ఎక్కిపోయాడు. అప్పటికి గమనించాను, అమ్మ నా భుజం వదిలేసి సుగుణ సీటు వెనక చెయ్యి వేసి కూర్చుంది.

మళ్లీ నిర్మల్

నిర్మల్ ఆస్పత్రిలో డాక్టరు నడివయసు మనిషి, మాటలు తక్కువ. ఎముక సరిచేసి పిండికట్టు వేశాడు. బావ వేళ్లలోకి మెల్లమెల్లగా ఎరుపు తిరిగొచ్చింది. సుగుణ ఆ వేళ్లను ఒక్కొక్కటీ నొక్కి "ఎరుకైతుందా? ఎరుకైతుందా?" అని అడిగింది. చివరి వేలు దగ్గర బావ "అయితుందే, నొప్పి పెట్టకు" అని అరిచాడు. అప్పుడు సుగుణ బయటికొచ్చి జీపు బంపరు మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ తినలేదని గుర్తొచ్చి, పోయి వేడి మిర్చిబజ్జీలు కట్టించుకొచ్చాను. "ఘాటు దించినవు" అన్నాను. "మీరు రాయి మంచిగ పెట్టిన్రు" అంది, నోటి నిండా మిర్చితో.

ముందురోజు మేం టీ తాగిన హోటలాయనకు విషయం తెలిసి సాయం చేయబోయాడు. బోధన్ దాకా జీపు తోలడానికి తనకు తెలిసిన డ్రైవరున్నాడని, ఇప్పుడే పిలిపిస్తానని అన్నాడు. బావ సరేనన్నట్టు తలూపాడు. సుగుణ కూడా అలసిపోయే ఉంది.

"ఎందుకు?" అంది అమ్మ. "మా ఇంట్ల డ్రైవరుండంగ ఇంకొగడెందుకు?"

హోటలాయన అటూ ఇటూ చూశాడు. డ్రైవరంటే నేనేననుకుని నాకు వంగి దండం పెట్టాడు. నేను సుగుణ వైపు చూపించాను.

ఇంటికి

తిరుగు దారిలో బావ వెనక సీట్లో మూటలకానుకుని పడుకున్నాడు. అమ్మ ముందు సీటు తనకే కావాలంది. వంతెన మీద ఎదురొచ్చే లారీలను చూసి ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు. గేరు ఎప్పుడు మార్చాలి, ఎందుకు మార్చాలి అని సుగుణను అడుగుతూ వచ్చింది. ఆర్మూర్ దాటేసరికి "గిప్పుడు మార్వాలె గద?" అని ముందుగానే చెప్పడం మొదలుపెట్టింది. నాలుగుసార్లలో మూడుసార్లు సరిగానే చెప్పింది.

బోధన్ చేరేసరికి పొద్దు వాలుతోంది. మా ఇంటికి ఊరి మొదట్లోనే ఒక సందు గుండా వెళ్లొచ్చు. ఆదివారం సాయంత్రం బజారులో జనం ఉంటారని సుగుణ సందు వైపు స్టీరింగు తిప్పబోయింది. అమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

"బజార్లకెళ్లి పోనియ్యి."

"అందరు సూస్తరత్తమ్మ."

"అందుకే" అంది అమ్మ. పైట సర్దుకుంది, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

మా జీపు బజారులోకి దిగింది. బట్టల దుకాణంలో గుడ్డ కొలుస్తున్నవాడు గజం కర్ర పట్టుకునే లేచి నిలబడ్డాడు. పాన్ డబ్బా దగ్గర మా స్కూలు లెక్కల సారు నోట్లో పాన్ పెట్టుకోబోయి ఆగిపోయాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూరగాయల బేరం వదిలేసి చూశారు. ఎవరో "సారు పెండ్లామేనా?" అన్నారు. సుగుణ చెవులు ఎర్రబడ్డాయి, చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది.

అమ్మ అటూ ఇటూ తల ఊపుతూ పలకరింపులు అందుకుంటోంది. అవతల గుంపుగా నిలబడి మాట్లాడుకుంటున్న నలుగురు పెద్దమనుషులు మాత్రం మమ్మల్నింకా చూడలేదు.

"జర హారన్ కొట్టు బిడ్డా" అంది అమ్మ.

సుగుణ కొట్టింది.